తూకం స్కర్టు

మంగళవారం పొద్దున టైలరమ్మ కుట్టుమిషను ముట్టుకోదు. కొట్టు తలుపు తీయదు. కొలతలివ్వడానికి ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేస్తుంది. మంగళవారం ఆమె కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్తుందని వీధిలో అందరికీ తెలుసు. ఎందుకు తీసుకెళ్తుందన్న దానికి మాత్రం తలా ఒక కథ అల్లుకున్నారు. రక్తం తక్కువన్నారు కొందరు, కడుపులో పుండన్నారు కొందరు. తిండి తినకపోవడం కూడా ఒక జబ్బేననీ, దానికి విడిగా ఒక క్లినిక్కూ డాక్టర్లూ నర్సులూ కార్డులూ ఉంటాయనీ చెబితే ఆ వీధిలో నమ్మేదెవరు? నాలుగు తగిలించి ముద్ద నోట్లో కుక్కితే అదే తింటుందని ఉచిత సలహా ఒకటి పారేసి పోయేవాళ్ళు. అందుకే ఆమె ఎవరికీ ఏమీ చెప్పేది కాదు.

కూతురికి పదిహేడేళ్ళు. ఇంట్లో అందరూ 'ప్లీడరు' అంటారు. స్నానం ఎందుకు చెయ్యక్కర్లేదో మూడేళ్ళ వయసులోనే కారణాలు వరసపెట్టి చెప్పి తండ్రిని ఒప్పించిన ఘటికురాలు. ఆ తండ్రి సిటీ బస్సులో కండక్టరు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఊరందరితో సీట్ల దగ్గర గొంతు చించుకుని నెగ్గుకొచ్చే మనిషి, ఇంటికొచ్చాక కూతురి ముందు మాత్రం చేతులెత్తేసేవాడు. "మన ప్లీడరు కేసు పడితే జడ్జి లేచి నిలబడి క్షమాపణ చెప్పుకోవాలి" అని మురిసిపోయేవాడు. ఆ మురిపెమే తరవాత కొంప ముంచింది.

జబ్బు ఏడాది కిందట మొదలైంది. మొదట పాలు మానేసింది, తరవాత నూనె, ఆ తరవాత అన్నం. ప్రతిదానికీ ఒక వాదన, వినేవాడికి నిజమేనేమో అనిపించే వాదన. టైలరమ్మకి అందరికంటే ముందే తెలిసింది. పిల్ల గౌను నడుము దగ్గర రెండుసార్లు లోపలికి పట్టాల్సి వచ్చింది. అయినా ఎదిగే వయసు, సాగుతోందిలే అనుకుని దారం తెంపేసింది. డాక్టర్లు జబ్బుకి పేరు పెట్టేసరికి పిల్లకి జుట్టు పలచబడింది, చేతుల మీద నూగు మొలిచింది, నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడే స్థితి వచ్చింది.

ఆ క్లినిక్కు పెద్దాసుపత్రి వెనకవైపు, ఒకప్పుడు మందుల గోదాముగా వాడిన పొడుగాటి గదిలో ఉంది. మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు చేశారు. ముందు భాగంలో గోడ వెంబడి కుర్చీలు, ఓ మూల బాత్రూము తలుపు, ఎదురుగా తెల్లబోర్డు. బోర్డు మీద ఆకుపచ్చ సిరాతో 'ఈ నెల హాజరు: నూటికి తొంభై నాలుగు' అని గుండ్రటి అక్షరాలు. అంత హాజరు ఊరికే రాలేదు. దాని వెనక ఉన్న కథ మొదటిరోజే తూకం సిస్టర్ చెప్పింది. తూకం సిస్టర్ అంటే బరువులు చూసే నర్సు. అసలు పేరుతో ఆవిణ్ణి పిలిచినవాళ్ళు అక్కడెవరూ లేరు.

"పూర్వం పిల్లలందరికీ ఆసుపత్రి గౌను తొడిగి తూచేవాళ్ళమమ్మా" అంది సిస్టర్. "ఆ గౌను చూస్తేనే హడలిపోయేవాళ్ళు. ఒకళ్ళు మానేస్తే ఇంకొకళ్ళు మానేశారు. సగం కుర్చీలు ఖాళీ. రాని పిల్లకి వైద్యం ఎలా చేస్తాం చెప్పండి? అందుకని సొంత బట్టల్లోనే రమ్మన్నాం. ఒక్కటే షరతు. ప్రతివారం అవే బట్టలు. మారిస్తే లెక్క తేడా వస్తుంది."

సొంత బట్టలనగానే టైలరమ్మకి కాస్త ప్రాణం లేచొచ్చింది. అక్కడ ఆమెకి చేతనైన పని అదొక్కటే కనబడింది. ఇంటికెళ్ళి బూడిదరంగు గుడ్డ తీసి, మడమల దాకా వచ్చే స్కర్టు కుట్టింది. లోపల మెత్తటి అస్తరు, అడుగున వెడల్పాటి మడత. పిల్ల ఎముకలు బయటికి కనబడకుండా, నలుగురిలో నామోషీ లేకుండా ఉండాలని ఎంతో జాగ్రత్తగా కుట్టింది. దానికి 'తూకం స్కర్టు' అని నామకరణం చేసింది కండక్టరే.

తూచేటప్పుడు పిల్లలు అంకెకి వీపు పెట్టి నిలబడాలి. అంకె సిస్టరే చూసి కార్డులో రాసుకుంటుంది. బయటికి ఒక్కటే మాట చెబుతుంది, పెరిగిందనో తగ్గిందనో. వరసగా మూడు మంగళవారాలు తగ్గితే క్లినిక్కు చాలదు, వార్డులో పడుకోబెట్టాలి. వార్డు పై అంతస్తులో ఉంది. ఒకసారి దారి తప్పి వెళ్ళి, అద్దం తలుపులోంచి లోపలికి చూసింది టైలరమ్మ. ప్లీడరు ఈడు పిల్ల ఒకతె ముక్కులో గొట్టంతో కూర్చుని, ఎదురుగా ఉన్న గోడని చూస్తోంది. ఎవరో తన పిల్లనే అక్కడ కూర్చోబెట్టినట్టనిపించి, ఆమె గబగబా మెట్లు దిగి వచ్చేసింది.

ప్లీడరు ఒక్క మంగళవారం కూడా మానలేదు. రోజూ ఏం తిన్నదీ రాసే పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేది. తక్కిన పిల్లల తల్లులకి ఆ పుస్తకం తెరిచి చూపించేవాళ్ళు. డాక్టరమ్మ కూడా టైలరమ్మని కూర్చోబెట్టి మెచ్చుకుంది. "సహకారమంటే ఇలా ఉండాలి. మీరు మాత్రం ఇంట్లో పోలీసులు కాకండి. పిల్లకి మన మీద నమ్మకం పోతే రావడం మానేస్తుంది. రావడం మానేస్తే ఇంక మన చేతుల్లో ఏమీ ఉండదు." ఆ మాట టైలరమ్మ మనసులో అచ్చు గుద్దినట్టు ఉండిపోయింది.

ఇంత సహకారం ఉన్నా రెండు మంగళవారాలు వరసగా బరువు తగ్గింది.

మూడో మంగళవారానికి ముందురోజు సాయంత్రం టైలరమ్మ ఒక నాటకశాల వాళ్ళ తెరలు కుడుతోంది. తెరలకి అడుగు మడతలో సీసపు బిళ్ళలు పెట్టి కుట్టాలి. రేకు డబ్బాలో బిళ్ళలు పోసుకుని ఒక్కొక్కటే తీస్తోంది. ప్లీడరు వచ్చి పక్కన పీటమీద కూర్చుంది.

"అమ్మా, ఇవి దేనికి?"

"తెర గాలికి ఎగరకుండా. అడుగున బరువుంటే నిలువుగా జారుతుంది."

పిల్ల ఒక బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుంది. ఇంకోటి తీసింది. చెయ్యి పైకీ కిందికీ ఆడించి చూసింది.

"నా స్కర్టుకి పెట్టు" అంది.

టైలరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. "నీకేమన్నా మతిపోయిందా?" అంది.

"విను. రేపు కూడా తగ్గితే వార్డులో వేస్తారు. వార్డులో వేస్తే ఇంటరు పరీక్షలు పోతాయి. అవి పోతే నాకు బతకాలనే ఉండదు, ఇంక తినడం ఎందుకు? ఈ ఒక్క వారం గడవనీ. రేపట్నించి నిజంగా తింటా. వచ్చే మంగళవారానికి ఆ బరువు నాదే అవుతుంది. అప్పుడు బిళ్ళలు తీసెయ్యి. ఇది అబద్ధం కాదమ్మా. ఒక వారం ముందుగా చెప్పే నిజం."

"సిస్టర్‌ని మోసం చెయ్యమంటావా?"

"సిస్టర్‌కి అంకె కావాలి, నాకు వారం కావాలి. ఇద్దరికీ ఇచ్చేది నువ్వే." పిల్ల తల్లి మోకాలి మీద తల పెట్టింది. "నన్ను నమ్మమని డాక్టరమ్మ చెప్పిందిగా. నమ్మవా?"

ఆ తల బరువే లేదు. టైలరమ్మకి అద్దం తలుపూ, గొట్టమూ, గోడని చూస్తున్న పిల్లా కళ్ళముందు తిరిగాయి. వద్దనాలని తెలుసు. వెర్రిబాగుల మనిషి, లేచి వెళ్ళి స్కర్టు తెచ్చింది. అడుగు మడత నాలుగు వేళ్ళ మేర విప్పి, బిళ్ళలు ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా దేనికదే గుడ్డముక్కలో చుట్టి, లోపల పెట్టి కుట్టేసింది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ఆ రాత్రి భోజనానికి ప్లీడరు ఒక రొట్టె తిని, గ్లాసుడు పాలు తాగింది. కండక్టరు నోరెళ్ళబెట్టి చూశాడు. టైలరమ్మ వంటింట్లోకెళ్ళి పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతోనే.

మర్నాడు తూకం సిస్టర్ కార్డు మీద రాసుకుంటూ "నిలబడిందమ్మా, దేవుడి దయ" అంది.

వచ్చే మంగళవారం వచ్చింది. బిళ్ళలు తీసెయ్యాల్సిన మంగళవారం. ముందురోజు పిల్ల మళ్ళీ పీటమీదికి వచ్చి కూర్చుని, "తియ్యకు. ఇంకో రెండు కలుపు" అంది. పాలు తాగావు కదా అంటే, తాగాను, కానీ ఒంటికి పట్టడానికి టైము పడుతుందట, ఏదో పుస్తకంలో ఉందట. అదీ నిజమేనేమో అనిపించింది. కలిపింది. ఆ పై వారం ఇంకొన్ని. ఏ వారం ఎన్ని పెట్టాలో పిల్లే చెప్పేది. ఒక్కసారిగా పెంచనిచ్చేది కాదు. డాక్టరమ్మ గీసే గీత మెల్లగా, ముచ్చటగా పైకెక్కాలి కదా, అంత లెక్క వేసేది.

ఇక్కడొక సంగతి చెప్పకపోతే టైలరమ్మ పడ్డ నరకం తెలియదు. స్కర్టు నడుము వదులైపోతోంది. ప్రతి సోమవారం ఆమె పైన నడుము లోపలికి పట్టేది, కింద మడతలో బిళ్ళలు పెంచేది. పైన తగ్గించడం, కింద పెంచడం. నాలుగో వారానికి ఆ బరువుకి స్కర్టు నడుము మీద నిలవక జారిపోతుంటే, చొక్కా లోపలినుంచి భుజాలకి రెండు పట్టీలు కుట్టాల్సి వచ్చింది. పట్టీ కొలత తీస్తుంటే భుజం ఎముక వేలికి గుచ్చుకుంది. టేపు వెనక్కి తీసుకుని, తను చూసిన కొలత ఎక్కడా రాసుకోలేదు.

క్లినిక్కులో మాత్రం పండగ చేసుకుంటున్నారు. గీత పైకి పోతోంది. పుస్తకంలో అక్షరాలు ముత్యాలు. హాజరు నూటికి నూరు. "ఈ పిల్లని చూసి నేర్చుకోండే" అని తూకం సిస్టర్ మిగతా పిల్లలతో అంటుంటే, ప్లీడరు తల వంచుకుని నవ్వేది. కండక్టరైతే బస్సులో ఎక్కినవాళ్ళందరికీ మిఠాయి పంచినంత పని చేశాడు. "చూశావా, అనవసరంగా బెంగపెట్టుకున్నావు. నా కూతురు కేసు గెలిచింది" అన్నాడు ఒకరోజు. టైలరమ్మ చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఏడాదిగా నవ్వు మర్చిపోయిన ఆ మొహంలో నవ్వు చూసి, "అన్నం వడ్డించమంటారా?" అని అడిగింది.

బిళ్ళలు మొదలుపెట్టాక అయిదో మంగళవారం, బస్సు దిగాక ప్లీడరు రెండడుగులు వేసి స్తంభాన్ని పట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. చేతివేళ్ళు పట్టుకుంటే చన్నీళ్ళలోంచి తీసినట్టున్నాయి.

"చాల్లే తల్లీ. ఇవాళ చెప్పేద్దాం. నేను చెప్తా."

పిల్ల కాసేపు ఊపిరి కూడదీసుకుంది. కోపం తెచ్చుకోలేదు. తల్లి కొంగు సవరించి, నెమ్మదిగా అంది, "చెబితే నన్ను వార్డులో వేస్తారు. అది సరే. నిన్నేం చేస్తారో ఆలోచించావా? ఆ తలుపు దాటి లోపలికి రానిస్తారా? కుట్టింది ఎవరమ్మా?"

ఆ మాటలు పిల్లవి కావు. గొంతు పిల్లదే, చెయ్యి పిల్లదే, కానీ అన్నది ఎవరో టైలరమ్మకి తెలిసింది. ఏడాదిగా తన ఇంట్లో తింటూ, తన పిల్లనే తింటున్న ఆ జబ్బు. అయినా ఏం చెయ్యగలిగింది? తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా పిల్ల చెయ్యి పట్టుకుని ఆసుపత్రి గేటులోకి నడిచింది.

ఆరో మంగళవారం డాక్టరమ్మ ఇద్దర్నీ లోపలికి పిలిచి, గీత చూపించింది. "ఇంక వారం వారం అక్కర్లేదు. వచ్చే మంగళవారం ఒక్కసారి చూసి సంతకం పెట్టేస్తాను. ఆ తరవాత నెలకోసారి ఫోన్ చేస్తే చాలు. ఈ చోటు కోసం ముప్ఫైమంది ఎదురుచూస్తున్నారు" అంది. ప్లీడరు చేతులు జోడించి దండం పెట్టింది. టైలరమ్మ కూడా పెట్టింది. గీత చిట్టచివరి చుక్క మీదినుంచి ఆమె చూపు కదల్లేదు. ఆ చుక్కకీ తన పక్కన కూర్చున్న పిల్లకీ మధ్య ఎంత తేడా ఉందో ఆ గదిలో తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరికి ఆ తేడా ఇంకా పెరగాలని ఉంది.

ఆ వారమంతా ఆమెకి ముద్ద దిగలేదు. చెప్పకపోతే పిల్ల చేతికి దక్కదు. నెలకోసారి ఫోనంటే, రెండో ఫోనుకి జవాబిచ్చేవాళ్ళు ఉండరు. ఆ సంగతి ఆమెకి తన కొలతల టేపంత స్పష్టంగా తెలుసు. నోరు తెరిచి నాలుగు ముక్కలు చెబితే పోయేది. అబ్బే, ఆమెకి ఇంకో ఉపాయం తట్టింది. పిల్లని పట్టిచ్చింది తల్లి అనిపించుకోకూడదు, నమ్మకం పోకూడదు, పని మాత్రం జరగాలి. బిళ్ళలు తీసేస్తే సరి, సిస్టర్ మిషనే చెబుతుంది. ఎంతటి తెలివి చూడండి. ఇనప మిషను చేత తన మాట చెప్పించాలనుకుంది.

సోమవారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే, స్కర్టు ఒళ్ళో వేసుకుని అడుగు మడత మొత్తం విప్పింది. ఒక్కో బిళ్ళా తీసి డబ్బాలో వేసింది. డబ్బా సగం నిండింది. అంత బరువు మోసుకుని ఈ పిల్ల బస్సెక్కిందా అని కళ్ళనీళ్ళు తిరిగాయి. అదే రంగు దారంతో, అవే రంధ్రాల్లోంచి మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి, కొక్కేనికి తగిలించింది.

మంగళవారం పొద్దున ప్లీడరు స్కర్టు తొడుక్కుంది. గదిలో ఒకసారి ఇటు తిరిగింది. ఆగింది. మళ్ళీ అటు తిరిగింది. మడత చేత్తో తడమలేదు, తల్లిని ఏమీ అడగలేదు. "త్వరగా బయల్దేరదామా?" అంది అంతే. టైలరమ్మ కూడా ఏమీ అనలేదు. ఇద్దరికీ తెలుసు, ఒకరికి తెలిసినట్టు ఇంకొకరికీ తెలుసు. ఇంత తెలిసీ ఒక తల్లీ కూతురూ బస్సులో పక్కపక్కనే కూర్చుని కిటికీలోంచి చూస్తూ వెళ్ళారు.

క్లినిక్కులో పేరు రాయించాక ప్లీడరు బాత్రూములోకి వెళ్ళింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు నడిచింది. చేతులు కడుక్కుంటోంది అనుకుంది టైలరమ్మ. పిల్ల వచ్చి కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళింది. మళ్ళీ కుళాయి. ఎంతసేపు కడుగుతుంది అనుకుంది, అంతకుమించి ఆలోచించలేదు. ఆమె చెవులు తూకం గదిలో ఉన్నాయి. మిషను నిజం చెప్పే క్షణం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

పిల్లని పిలిచారు. అంకెకి వీపు పెట్టి నిలబడింది. తూకం సిస్టర్ వంగి చూసి, కార్డు మీద రాసి, తలెత్తి చక్కగా నవ్వింది.

"బంగారం. పోయినవారం ఎంతుందో అంతా ఉంది."

టైలరమ్మ సిస్టర్ చేతిలోని కార్డు వంక చూసింది. అంత ఎలా ఉంటుంది? మడతలో ఏమీ లేదు. తన చేత్తో తీసింది. బిళ్ళలన్నీ డబ్బాలో, మిషను బల్ల కింద ఉన్నాయి. మరి ఉన్నదంతా పిల్లేనా? ఏ రోజుకా రోజు తను చూడనప్పుడు తింటోందా? భుజం ఎముక గుచ్చుకున్న వేలు గుర్తొచ్చింది. దాన్ని తోసేసింది. తను పొరపాటు పడి ఉండాలి, కంటికి భయం పట్టి ఎముకలు కనబడి ఉండాలి. అంతటి ఆశ ఎక్కణ్ణించి పొంగుకొచ్చిందో గానీ, నిలబడ్డచోటే ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. డాక్టరమ్మ సంతకం పెడుతుంటే చూస్తూ ఊరుకుంది. ఆమె చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఆ నాలుగు నిమిషాల ఆనందం ఒక ఎత్తు.

బయటి గదిలోకి వచ్చి ఇంకా చెప్పులు తొడుక్కోలేదు. "తల పగిలిపోతోంది" అంది ప్లీడరు. తరవాత, "ఈ బస్సు ఆగదేంటి?" అంది. బస్సేమిటే అని తల్లి అడిగేలోపు పిల్ల నోట్లోంచి నీళ్ళు వచ్చాయి, ఒట్టి నీళ్ళు, చొక్కా అంతా తడిసిపోయింది. కళ్ళు తేలేసి కుర్చీలోంచి జారి, నేలమీద పడి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

తూకం సిస్టర్ వచ్చి పిల్లని పక్కకి తిప్పి పట్టుకుంది. డాక్టరమ్మ కార్డు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "బాగా కోలుకుంటున్న పిల్లకి మూర్ఛ ఏమిటి? ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడుగుతూనే, "ఇంజెక్షన్ తియ్యండి. డోసు బరువుని బట్టి. కార్డులో ఇవాళ్టి అంకె చెబుతున్నా రాసుకోండి" అంటోంది.

టైలరమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టేసుకుంది. తనే పట్టుకున్నానని ఆమెకి తరవాత కూడా గుర్తులేదు.

"ఆ అంకెతో వెయ్యకండి" అంది. "అది మా పిల్ల బరువు కాదు."

"ఏం మాట్లాడుతున్నారమ్మా, చెయ్యి వదలండి."

"ఆరు వారాలుగా మీ కాగితం మీద పెరిగింది మా పిల్ల కాదండీ. నేను స్కర్టులో కుట్టిన సీసం."

ఆ గదిలో కుర్చీల్లో కూర్చున్న పిల్లలూ తల్లులూ అందరూ విన్నారు. సిస్టరే ముందు తేరుకుని, పిల్ల స్కర్టు మడత గుప్పిట్లో పట్టి నలిపింది. "ఇందులో ఏమీ లేదు" అంది.

"ఇవాళ లేవు. నిన్న తీసేశాను. మీ మిషనే చెబుతుందనుకున్నాను సిస్టర్."

"మరి ఇవాళ అంకె..." అని ఆగి, బాత్రూము తలుపు వంక చూసింది సిస్టర్. పిల్ల పొట్ట మీద చెయ్యి వేసింది. డప్పులా బిగిసి ఉంది. "డాక్టర్ గారూ, నీళ్ళు. కడుపు పట్టనన్ని నీళ్ళు తాగింది. ఒంట్లో ఉప్పు పడిపోయి ఉంటుంది."

మంచం వచ్చింది, చక్రాలు కదిలాయి. నడవలో పరిగెత్తుతూనే సిస్టర్ అడిగింది, "సీసం పెట్టకముందు నేను రాసిన ఆఖరి అంకె ఏ వారానిది?" టైలరమ్మ చెప్పింది. సిస్టర్ కార్డులో వెనక్కి వెనక్కి వెళ్ళి, మధ్యలో ఉన్న వారాలన్నిటి మీదా ఒకటే అడ్డగీత కొట్టింది. "అంటే అప్పట్నించీ ఈ పిల్ల ఎంతుందో ఎవరికీ తెలీదు" అంది, ఎవరితోనో కాదు, తనతోనే. ఇరవై ఏళ్ళుగా తూస్తున్న మనిషి, ఆ మాట అంటుంటే మొహంలో నెత్తురు లేదు. హాజరు పట్టీలో ఆ రోజు ప్లీడరుకి టిక్కు పడే ఉంది. వచ్చింది కదా మరి.

పై అంతస్తు వార్డుకి ఎక్కించలేదు. ప్రాణం మీదికొచ్చినవాళ్ళని ఉంచే గదిలోకి తీసుకుపోయారు. మూర్ఛ ఆగింది గానీ గుండె కొట్టుకునే తీరు బాగాలేదన్నారు. ఆరు వారాలు ముందైతే ఇంత దాకా వచ్చేది కాదని డాక్టరమ్మ అనలేదు. అనకుండా టైలరమ్మ మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. కండక్టరు యూనిఫారంలోనే వచ్చాడు. సంగతంతా విన్నాడు. భార్యని తిట్టలేదు, కొట్టలేదు. నడవ చివర బెంచీ మీద ఆమెకి దూరంగా వెళ్ళి కూర్చుని, టికెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని అలా ఉండిపోయాడు. తలుపు దాటి లోపలికి రానివ్వరేమో అనుకుంది గానీ, ఎవరూ ఆపలేదు. రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు చూడనిచ్చారు. ఆ గది సిస్టర్ ఒకావిడ పక్కనే నిలబడేది.

మూడోరోజు సాయంత్రం ప్లీడరు కళ్ళు తెరిచింది. చుట్టూ తీగలు, ముక్కులో గొట్టం. వారం గడిస్తే గానీ ఏ సంగతీ చెప్పలేమన్నారు, అందులో ఇంకా నాలుగు రోజులున్నాయి. పిల్ల కళ్ళు తిప్పి తల్లిని వెతుక్కుంది. పెదాలు కదిలితే టైలరమ్మ చెవి దగ్గరగా పెట్టింది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను తల్లీ. నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు."

పిల్ల కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకుని టైలరమ్మ లేవబోయింది. పిల్ల ఆమె వేలు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

"నువ్వు కుట్టనంటావనుకున్నానమ్మా" అంది. "మొదటి రోజే."

"నువ్వేగా బతిమాలావు."

"బతిమాలాను. వద్దంటే నీతో గొడవ పెట్టుకునేదాన్ని. నెల్లాళ్ళు మాట్లాడేదాన్ని కాదు." గొట్టం అడ్డం వచ్చి దగ్గింది. సిస్టర్ వచ్చి తల కాస్త ఎత్తి పట్టుకుంది. ఊపిరి అందాక, కళ్ళు మూసుకునే అంది, "అయినా వద్దంటావనే అనుకున్నా. నువ్వు లేచి స్కర్టు తెచ్చావు చూడు, అప్పుడు భయమేసింది. ఇంక నన్ను ఆపేవాళ్ళెవరూ లేరని."

టైము అయిపోయిందని సిస్టర్ చెప్పింది. టైలరమ్మకి వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.